తెల్ల తిత్తి కనిపిస్తే సూది పెట్టకు

అమ్మలూ,

ఆదోనిలో లాపరోస్కోపీ ఆపరేషన్లు, అదే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసేవి, మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పొద్దున వాకింగ్‌లో కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కెమెరా, గ్యాసు, పోర్టుల సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. నేను చెప్పేది పురుగుల గురించి. అపెండిక్స్ కోసినచోట దారపు పోగులాంటి నులిపురుగు పాకుతూ బయటికొస్తే కంగారుపడకు. సక్షన్‌తో లాగేసి, అపెండిక్స్‌ను సంచిలో వేసి తియ్యి. ఆల్బెండజోల్ ఇంట్లో అందరికీ రాయి, రెండు వారాలకు మళ్లీ వేసుకోమను.

నా భయమంతా ఆ తెల్ల తిత్తి గురించే. అదే హైడాటిడ్, కుక్కల్లో ఉండే బద్దెపురుగు పిల్లలు మన కాలేయంలో కట్టుకునే నీటి సంచి.

ఇరవై ఏళ్ల కిందటి మాట. గొర్రెలు కాసుకునే ఆవిడ, పిత్తాశయంలో రాళ్లతో వచ్చింది. కాలేయంలో మామూలు నీటితిత్తి కూడా ఉందని స్కానింగ్ రిపోర్టులో రాశారు. నమ్మేశాను. లోపల చూస్తే, పొట్టు తీసిన ఉడికిన గుడ్డులా తెల్లగా మెరుస్తోంది. అప్పుడైనా ఆగాల్సింది. పనిలో పని ఇదీ ఖాళీ చేసేద్దామని సూది గుచ్చాను. కొబ్బరినీళ్లలా తేటగా చిమ్మింది. నిమిషం కూడా గడవలేదు, ‘బీపీ పడిపోతోంది’ అని మత్తు డాక్టరు అరిచాడు. ఆ నీళ్లు ఒంటికి పడక ఒళ్లంతా దద్దుర్లు. అడ్రినలిన్‌తో ఎలాగో బతికింది.

మూడేళ్లకు మళ్లీ వచ్చింది, కడుపంతా ద్రాక్షగుత్తుల్లా తిత్తులతో. హైడాటిడ్ నీళ్లలో ఇసుకలా కనిపించే ఒక్కో రేణువూ ఒక్కో కొత్త తిత్తి కాగలదు. అవి చల్లింది నేనే. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ‘కుక్కను ఎవరికన్నా ఇచ్చెయ్యాలా సారూ?’ అని అడిగింది. తిత్తులున్న గొర్రె కాలేయం, ఊపిరితిత్తులు తిన్న కుక్క నుంచే ఇది మనుషులకొస్తుంది. ‘ఇంట్లో కుక్క ఉందా?’ అని మొదటిసారే నేను అడగాల్సింది.

మీ కర్నూలు వైపు గొర్రెలకూ కుక్కలకూ కొదవ లేదు. స్కానింగ్‌లో తిత్తి ఉంటే ముందు ఆ ప్రశ్న వెయ్యి. అనుకోకుండా లోపల కనబడితే ముట్టుకోకుండా బయటికొచ్చెయ్యి. పరీక్షలు చేయించి, ఆల్బెండజోల్ వాడించి, అన్నీ సిద్ధం చేసుకుని మళ్లీ వెళ్లొచ్చు. చుట్టూ ఆ రేణువుల్ని చంపే గాఢమైన ఉప్పునీళ్లలో తడిపిన పలచటి గాజ్ గుడ్డలు పెట్టకుండా దాని జోలికి వెళ్లావో, నాతో మాట్లాడకు!

కోపం కాదమ్మా. మొదటి రోజు ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లేముందు అడ్రినలిన్ చేతికందేలా ఉందో లేదో సిస్టర్‌ను అడుగు. ఆదోని ఎండలు తెలుసుగా, కేసుకూ కేసుకూ మధ్య కాస్త మజ్జిగ తాగు.

పెదనాన్న