ప్రతిభావంతులైన పిల్లల మీద పరిశోధన: టాపిక్ కంటే ముందు లెక్క చూసుకోండి

ప్రశ్న: చిత్తూరు దగ్గర జెడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. ఎమ్మెస్సీ తర్వాత ఎంఈడీ చేశాను, 58 శాతం వచ్చింది. గిఫ్టెడ్ ఎడ్యుకేషన్‌లో (ప్రతిభావంతులైన పిల్లల విద్య) పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలని ఉంది. తిరుపతిలో ఆ విభాగం ఎక్కడుంది? ఉద్యోగం మానేయాలా? ‘చిత్తూరు జిల్లాలో ప్రతిభావంతులైన విద్యార్థుల స్థితిగతులు’ అని టాపిక్ అనుకున్నాను.
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ పేరుతో విభాగం కోసం వెతక్కండమ్మా. ఎస్వీ యూనివర్సిటీ అయినా, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అయినా మీ దారి ఎడ్యుకేషన్ లేదా సైకాలజీ మీదుగానే. రేపు ఉద్యోగ ప్రకటన కూడా ‘ఎడ్యుకేషన్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్’ అనే వస్తుంది. గైడ్‌గా మాత్రం పరీక్షల తయారీ, స్కోర్ల విశ్లేషణ బాగా తెలిసినవారిని పట్టుకోండి.

పీజీలో 55 శాతం దాటింది కాబట్టి అర్హత ఉంది. 2024 జూన్ నుంచి నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికీ పనికొస్తోంది. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, కానీ అది పూర్తికాలం చదివేవారికి. ఉద్యోగం ఉంచుకోవాలంటే పార్ట్‌టైమ్ ఉంది. మీ శాఖ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి. ఎలా చేరినా కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, మొత్తం కనీసం 3 ఏళ్లు పడుతుంది.

ఇక టాపిక్. ‘స్థితిగతులు’ అన్న మాట ముందు కొట్టేయండి. దాంతో మొదలుపెడితే చివరికి శాతాల పట్టికలే మిగులుతాయి.

ముందు ఎంతమంది పిల్లలు దొరుకుతారో లెక్క వేయండి. సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15 ఉన్న ఐక్యూ పరీక్షలో 130 దాటేవారు దాదాపు 2.3 శాతం. 400 మందిని పరీక్షిస్తే దొరికేది తొమ్మిది మంది. 60 మంది కావాలంటే 2,600 మందిని కూర్చోబెట్టాలి. ప్రతిభ మీద పరిశోధించిన ఫ్రాన్స్వా గాన్యే చెప్పినట్టు పై 10 శాతం తీసుకుంటే 600 మంది చాలు. ఏ గీత (ఎంపికకు కనీస స్కోరు) పెట్టుకున్నారో, ఎందుకో సినాప్సిస్‌లోనే (పరిశోధన ప్రణాళిక) రాయండి. గీత మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు: 1921లో అమెరికా మనస్తత్వవేత్త టెర్మన్ ప్రతిభావంతులైన పిల్లల మీద మొదలుపెట్టిన అధ్యయనంలో ఐక్యూ గీతకు అందక వెనక్కి వెళ్లిన పిల్లల్లో భౌతిక శాస్త్రవేత్తలు షాక్లీ, అల్వారెజ్ ఉన్నారు. తర్వాత ఇద్దరికీ నోబెల్ వచ్చింది!

తరగతి మార్కులతో ఎంపిక చేయొద్దు. ఎనిమిదో తరగతి పేపర్లో 98 వచ్చిన ఇద్దరిలో ఒకరికి పదో తరగతి లెక్కలూ వచ్చి ఉండొచ్చు. ఆ తేడా 100 దగ్గర ఆగిపోయే పేపరుకు కనపడదు. 1971లో మొదలుపెట్టిన అధ్యయనంలో అమెరికా మనస్తత్వవేత్త జూలియన్ స్టాన్లీ కాలేజీ ప్రవేశానికి ఉద్దేశించిన శాట్ పరీక్షను 12, 13 ఏళ్ల పిల్లలకు పెట్టింది ఇందుకే. మీరు లెక్కల టీచర్ కాబట్టి పైతరగతి పేపర్ తయారీ మీకు కష్టం కాదు, మీ పరిశోధన బలమూ అక్కడే ఉంది.

భాష సంగతి మరిచిపోవద్దు. కుప్పం, నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలకు తెలుగు మాటల పరీక్ష పెడితే మీరు కొలిచేది తెలుగునే. రావెన్స్ స్టాండర్డ్ మాట్రిసెస్ అనే పరీక్షలో 60 బొమ్మల ప్రశ్నలు, మాటలు అక్కర్లేదు. సూచనలు మాత్రం ఇంటి భాషలో చెప్పించండి. బయటి నార్మ్స్ (వేరే చోటి పిల్లల స్కోర్లతో వేసిన పోలిక పట్టికలు) అరువు తేకుండా మీ పిల్లల స్కోర్లతోనే పర్సెంటైల్ (ఎంత శాతం మంది కంటే పైన ఉన్నారో) వేయండి.

ప్రత్యేక శిక్షణ ఇచ్చి ఫలితం చూడాలనుకుంటే ఒక ఉచ్చు ఉంది. చాలా ఎక్కువ స్కోరులో కొంత ఆ రోజు అదృష్టమూ కలిసి ఉంటుంది. పరీక్ష రిలయబిలిటీ (మళ్లీ పెట్టినా స్కోరు ఎంత నిలకడగా వస్తుందో చెప్పే కొలత) 0.85 అయితే, ఈసారి 140 వచ్చిన పిల్లలకు మళ్లీ పెడితే సగటున 134 వస్తుంది, శిక్షణ ఉన్నా లేకున్నా. అదే గీత దాటిన పిల్లల్లో సగం మందిని చీటీ తీసి శిక్షణ లేకుండా ఉంచి పోల్చకపోతే, మంచి శిక్షణ కూడా చెడగొట్టినట్టే కనిపిస్తుంది.

అనుమతులు: యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ, డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి), తల్లిదండ్రుల సంతకం, పిల్లల ఒప్పుకోలు. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి, సత్యవేడు బడులు కూడా కావాలంటే తిరుపతి డీఈవోకు వేరే దరఖాస్తు పెట్టాలి. పరీక్షలు జులై, ఆగస్టుల్లోనే ముగించండి. జనవరి దాటితే హెడ్మాస్టర్లు పదో తరగతి గదుల వైపు ఎవర్నీ రానివ్వరు.