ముందు ఫుటేజ్ చూడండి, తర్వాతే పార్ట్స్ లిస్టు

ప్రశ్న: ఈవెంట్లు, షార్ట్ ఫిలింలు షూట్ చేసి నేనే ఎడిట్ చేస్తాను. మిర్రర్‌లెస్ కెమెరాలో 4కే, 10 బిట్, 4:2:2, హెచ్.265లో తీస్తాను. పని ప్రీమియర్ ప్రోలో, ఈ మధ్యే డావించీ రిజాల్వ్ స్టూడియో కూడా కొన్నాను. రాత్రిపూట గేమ్స్ ఆడతాను. మానిటర్ 1440పీ. కొత్త పీసీ సొంతంగా అసెంబుల్ చేసుకుందామని ఈ లిస్టు రాసుకున్నాను: రైజెన్ 7 7800ఎక్స్‌3డీ, బీ650 మైక్రో ఏటీఎక్స్ బోర్డు, ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 8 జీబీ, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, కొత్త 650 వాట్ల మాడ్యులర్ పవర్ సప్లై. పాత పీసీలోంచి నాలుగు 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్‌లు, టవర్ కూలర్ తీసుకుంటాను. పాత పవర్ సప్లై కేబుల్స్ మంచి క్వాలిటీవి, పొడుగ్గా ఉంటాయి కాబట్టి అవే వాడదామనుకుంటున్నాను. విడివిడిగా చూస్తే అన్నిటికీ మంచి రివ్యూలే ఉన్నాయి. కలిపితే కుదురుతాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నిటికంటే ముందు ఆ పాత కేబుల్స్ పక్కన పెట్టేయండి. మాడ్యులర్ పవర్ సప్లైలో కేబుల్‌కి రెండో చివర, అంటే బోర్డుకో కార్డుకో తగిలించే వైపు, స్టాండర్డ్ ప్రకారం ఉంటుంది. సప్లైకి తగిలించే వైపు ఏ పిన్నులో ఏ వోల్టేజి వస్తుందో కంపెనీకో రకంగా ఉంటుంది. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి మారుతుంది. కనెక్టర్ చక్కగా దిగిపోతుంది, స్విచ్ వేయగానే 5 వోల్టులు రావాల్సిన చోట 12 వోల్టులు వెళ్లొచ్చు. అలా ఎస్‌ఎస్‌డీలు, హార్డ్ డిస్కులు కాలిపోతాయి. వాటిలో మీ క్లయింట్ల ఫుటేజ్ ఉంటుంది. కొత్త సప్లైతో వచ్చిన కేబుల్స్ తప్ప మరేవీ వాడకండి.

ఇక అసలు విషయం. నేను ఎడిటర్లకు మెషీన్లు కట్టి ఇస్తుంటాను. వచ్చిన ప్రతివాళ్లనీ మొదట అడిగేది మీ ప్రోగ్రామ్ ఏది, మీ కెమెరా ఫైలు ఏ రకం అని. మీరు అడగకుండానే చెప్పారు, సంతోషం. కానీ లిస్టు రాసేటప్పుడు మాత్రం ఆ సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

మామూలు ఫోన్ వీడియో చాలావరకు 4:2:0లో ఉంటుంది. అంటే ప్రతి నాలుగు పిక్సెళ్లకు ఒకసారి రంగు వివరం దాచుకుంటుంది. మీ 4:2:2లో ప్రతి రెండు పిక్సెళ్లకు ఒకసారి ఉంటుంది. గ్రేడింగ్‌కి, అంటే రంగులు సరిదిద్దడానికి, అది చాలా మంచిది. చిక్కెక్కడంటే, హెచ్.265 అనే కంప్రెషన్ పద్ధతిలో 10 బిట్ 4:2:2ని హార్డ్‌వేర్‌లో విప్పే సత్తా ఆర్‌టీఎక్స్ 40 సిరీస్‌కి లేదు. 7800ఎక్స్‌3డీలో ఉన్న చిన్న గ్రాఫిక్స్‌కీ లేదు. అప్పుడు ఆ భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది. టైమ్‌లైన్ మీద రెండు మూడు కెమెరాల క్లిప్పులు పేర్చి ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. గేమ్స్‌లో దూసుకుపోయే మెషీన్ ఎడిటింగ్‌లో ఎందుకు ఇలా చేస్తోందని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే.

దీనికి మీకు రెండు దారులున్నాయి. ఒకటి ఇంటెల్: 12వ తరం నుంచి వచ్చిన డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉన్నవి, అందులోనే వీడియో కోసం ఉండే క్విక్ సింక్ అనే భాగం ద్వారా ఈ ఫైళ్లను సునాయాసంగా విప్పుతాయి. రెండోది 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్: 4:2:2 డీకోడింగ్ అందులో ఉంది. ప్రీమియర్, రిజాల్వ్ రెండూ దాన్ని వాడుకుంటాయి, వెర్షన్ మాత్రం కొత్తది ఉండాలి. మీరు ఎలాగూ గేమ్స్ కోసం గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారు, 7800ఎక్స్‌3డీ గేమ్స్‌కి అద్భుతమైన ప్రాసెసర్. దాన్నే ఉంచుకుని, 4060 టీఐ బదులు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ తీసుకోండి. ఆ కార్డు 8 జీబీలోనూ వస్తుంది, పెట్టె మీద సైజు చూసి మరీ కొనండి. రిజాల్వ్ పని చాలావరకు గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తుంది. 4కే టైమ్‌లైన్‌లో నాయిస్ రిడక్షన్ ఒకటి పెట్టి చూడండి, 8 జీబీ ఇట్టే నిండిపోయి మెమరీ చాలదని మెసేజ్ వస్తుంది. గేమ్స్‌లో అయితే టెక్స్చర్స్ కొంచెం తగ్గించి సర్దుకోవచ్చు. క్లయింట్ పనిలో ఆ వీలుండదు.

మీ ఫైలు ఏ రకమో పక్కాగా తెలుసుకోవాలంటే మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లిప్ తెరవండి. బిట్ డెప్త్ (8 బిట్టా, 10 బిట్టా), క్రోమా సబ్‌శాంప్లింగ్ (4:2:0నా, 4:2:2నా) రెండూ చూపిస్తుంది. కెమెరా మెనూలో ఒక్కో రికార్డింగ్ మోడ్‌కి ఇవి మారుతుంటాయి కాబట్టి గుర్తున్నది నమ్ముకోకుండా ఫైలునే చూడండి.

ర్యామ్ విషయం సూటిగా చెబుతాను: మీ డీడీఆర్4 స్టిక్‌లు ఈ బోర్డులో పట్టవు. బీ650 బోర్డులో ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్ డీడీఆర్5కి మాత్రమే. రెండిటికీ 288 పిన్నులే ఉంటాయి, కానీ మధ్యలో గాడి వేరే చోట ఉంటుంది. దిగకపోతే ఒత్తిడి చేయకండి. కొత్తవి కొనేటప్పుడు నాలుగు 16 జీబీ స్టిక్‌లు వద్దు, ఒకే కిట్‌లో వచ్చే రెండు 32 జీబీ స్టిక్‌లు తీసుకోండి. రైజెన్ 7000 సిరీస్‌కి కంపెనీ చెప్పిన వేగం రెండు స్టిక్‌లతో 5200, నాలుగు పెడితే 3600. నాలుగు స్టిక్‌లు పెట్టి అంతకంటే వేగంగా నడిపేవాళ్లు లేకపోలేదు గానీ, ఎక్స్‌పోర్ట్ మధ్యలో క్రాష్ అయ్యే మెషీన్ మీకు అక్కర్లేదు. 6000 వేగం, ఎక్స్‌పో ప్రొఫైల్ (ఆ వేగానికి ర్యామ్ కంపెనీ ముందే రాసిపెట్టిన సెట్టింగులు) ఉన్న కిట్ చూసుకుని, అది మీ బోర్డు కంపెనీ ఇచ్చే మెమరీ సపోర్ట్ లిస్టులో ఉందో లేదో సరిచూడండి. స్టిక్‌లను ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. తర్వాత బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్‌లో, ఎక్స్‌పో ఆన్ చేయడం మరవకండి. లేకపోతే 6000 అని కొన్న ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటుంది, మీకు తెలియను కూడా తెలియదు.

బోర్డు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. బీ650 అన్నది చిప్‌సెట్ పేరు మాత్రమే. అదే పేరుతో వచ్చే బోర్డుల మధ్య చాలా తేడా ఉంటుంది, ఆ తేడా మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు పెట్టే ఎం.2 స్లాట్లు ఎన్ని, వాటిలో ఏదైనా వాడితే హార్డ్ డిస్కులు తగిలించే సాటా పోర్టులు ఆగిపోతాయా, గ్రాఫిక్స్ స్లాట్ లేన్లు (డేటా వెళ్లే దారులు) తగ్గుతాయా అన్నది అక్కడే రాస్తారు. కొనకముందే కంపెనీ సైట్ నుంచి మాన్యువల్ దించుకుని స్టోరేజ్ పేజీ చదవండి. మీ కేసు ముందు భాగంలో టైప్-సీ పోర్టు ఉంటే, దానికి తగిలించే హెడర్ బోర్డు మీద ఉందో లేదో చూసుకోండి. కార్డ్ రీడర్ రోజూ పెట్టేది ఆ పోర్టుకే కదా.

ఇంకొకటి. ఈ బోర్డులు 2022లో వచ్చాయి, 7800ఎక్స్‌3డీ 2023లో వచ్చింది. చాలాకాలంగా షాపులో ఉండిపోయిన బోర్డు అయితే పాత బయోస్ ఉండొచ్చు. 2023లో కొన్ని ఎక్స్‌3డీ ప్రాసెసర్లు వోల్టేజి ఎక్కువై కాలిపోయాయి. ఆ తర్వాత వచ్చిన బయోస్‌లలో ప్రాసెసర్‌లోని ఎస్‌ఓసీ అనే భాగానికి వెళ్లే వోల్టేజి 1.3 వోల్టులకు మించకుండా కట్టడి చేశారు. అందుకని విండోస్ వేయకముందే బయోస్ అప్‌డేట్ చేయండి. వెనకవైపు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు దొరికితే మరీ మంచిది. ప్రాసెసర్ పెట్టకపోయినా పెన్ డ్రైవ్, పవర్ ఉంటే చాలు, పని అయిపోతుంది.

పాత కూలర్ పని చేసే అవకాశం ఉంది, అయితే బిగించే పద్ధతి చూడాలి. ఏఎం5కి ముందు తరం సాకెట్ ఏఎం4, ఆ బోర్డుతో వచ్చే ప్లాస్టిక్ బ్రాకెట్లకు కొక్కెంతో తగిలే కూలర్లు ఏఎం5కీ తగులుతాయి. బోర్డు వెనక తన సొంత ప్లేటు పెట్టుకునే కూలర్లు తగలవు, ఎందుకంటే ఏఎం5లో వెనక ప్లేటు సాకెట్‌తో కలిసే ఉంటుంది. పాత పీసీ ఇంటెల్ అయితే కూలర్ కంపెనీని ఏఎం5 కిట్ ఉందేమో అడగండి. పెద్ద టవర్ కూలర్లు 165 మిల్లీమీటర్ల ఎత్తు దాకా ఉంటాయి, మీ కేసు ఎంత ఎత్తుకు చోటిస్తుందో దాని స్పెసిఫికేషన్‌లో ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు పొడవు కూడా అలాగే చూసుకోవాలి. ముందు రేడియేటర్ పెట్టే ఆలోచన ఉంటే ఆ మందం, ఫ్యాన్ల మందం తీసేశాక మిగిలేదే కార్డుకి చోటు.

650 వాట్లు సరిపోతాయా అంటే, సరిపోతాయి. 5060 టీఐ 180 వాట్ల కార్డు, ప్రాసెసర్‌కి కంపెనీ చెప్పే టీడీపీ (వేడి, కరెంటు అంచనా) 120 వాట్లు. రేపు 300 వాట్ల 5070 టీఐకి మారే ఉద్దేశం ఉంటే ఇప్పుడే 750 తీసుకోండి. అలాంటి కార్డులకు 16 పిన్నుల కనెక్టర్ వస్తుంది, అది పూర్తిగా లోపలికి దిగేదాకా నొక్కాలి. 2022లో 4090 కార్డుల దగ్గర కనెక్టర్లు కరిగినప్పుడు, సరిగ్గా దిగకపోవడం తరచుగా కనిపించిన సమస్య అని ఎన్విడియా చెప్పింది.

స్టోరేజ్ 1 టీబీ ఒక్కటే అంటే ఈవెంట్ ఎడిటర్‌కి చాలదు. విండోస్, ప్రోగ్రాములు, గేమ్స్ ఒక డ్రైవ్‌లో. నడుస్తున్న ప్రాజెక్ట్ ఫుటేజ్, ఎడిటింగ్ ప్రోగ్రామ్ రాసుకునే తాత్కాలిక క్యాష్ ఫైళ్లు ఇంకో డ్రైవ్‌లో పెట్టండి. రెండోది క్యూఎల్‌సీ రకం (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచేది) కాకుండా చూసుకోండి. పెట్టె మీద రాసిన వేగం చూసి కొంటాం గానీ, పెద్ద కార్డు మొత్తం కాపీ చేస్తున్నప్పుడు డ్రైవ్ లోపలి వేగవంతమైన క్యాష్ నిండగానే క్యూఎల్‌సీ డ్రైవ్‌లు బాగా నెమ్మదిస్తాయి.

అంతా బిగించి మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏమీ కనపడకపోతే కంగారుపడకండి. ఏఎం5 బోర్డులు మొదటిసారి మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మధ్యలో ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే ఆ పని మళ్లీ మొదటికి వస్తుంది. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి.

ప్రశ్న: ఇప్పుడు రైజెన్ 5 8500జీ కొని ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌తో నడిపి, తర్వాత మంచి గ్రాఫిక్స్ కార్డు పెడదామనుకుంటున్నాను. ఏఎం5 కదా, ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: కార్డు తగులుతుంది, పని చేస్తుంది. కానీ 8500జీ గ్రాఫిక్స్ కార్డుకి నాలుగు పీసీఐఈ లేన్లే ఇస్తుంది, 8600జీ ఎనిమిది ఇస్తుంది. 7600 లాంటి మామూలు రైజెన్ అయితే పదహారు ఇస్తుంది. తర్వాత పెద్ద కార్డు పెట్టడం ఖాయమైతే 7600 తీసుకోండి. అందులోనూ డిస్‌ప్లే వచ్చేంత గ్రాఫిక్స్ ఉంది, అప్పటిదాకా చిన్నచిన్న ఎడిటింగ్ నడిచిపోతుంది. గేమ్స్‌కి మాత్రం కార్డు వచ్చేదాకా ఆగాలి.

ప్రశ్న: ప్రాసెసర్, కార్డు పేర్లు కొడితే ‘బాటిల్‌నెక్ 18 శాతం’ అని, అంటే ఒకటి ఇంకోదాన్ని అంత వెనక్కి లాగుతుందని చూపించే సైట్లు ఉన్నాయి. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొద్దు. ఏ గేము, ఏ రిజల్యూషన్, ఏ సెట్టింగ్ అన్నది చెప్పకుండా ఆ శాతానికి అర్థం లేదు. ఒకే జోడీలో 1080పీ దగ్గర ప్రాసెసర్ వెనకబడొచ్చు, 4కే దగ్గర కార్డు వెనకబడొచ్చు. మీ గేములోనే రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే అడ్డు కార్డు, పెరగకపోతే ప్రాసెసర్.

ప్రశ్న: మా అమ్మాయి యానిమేషన్ నేర్చుకుంటోంది, వీడియోలు ఎడిట్ చేస్తుంది. కోర్ ఐ7 14700కేఎఫ్, బీ760 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ కావాలని లిస్టు ఇచ్చింది. నాకు ఇవేవీ తెలియవు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు పాడవుతున్నాయని విన్నాను. కొనమంటారా?

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న ప్రాసెసర్ మంచిదే, 20 కోర్లు యానిమేషన్ రెండరింగ్‌కి బాగా పనికొస్తాయి. పేరు చివరి అక్షరాల దగ్గర మాత్రం ఒక్కసారి ఆగండి. ‘ఎఫ్’ అంటే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేదని. దాంతోపాటు పైన చెప్పిన క్విక్ సింక్ పోతుంది, వీడియో ఎడిట్ చేసేవాళ్లకు అది పెద్ద నష్టం. ‘కే’ అంటే ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చని (కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచుకోవచ్చని), కానీ బీ760 బోర్డు ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కి ఒప్పుకోదు. అందుకని కే, ఎఫ్ రెండూ లేని 14700 తీసుకోమనండి. వేడి కూడా కొంత అదుపులో ఉంటుంది.

బీ760 బోర్డులు డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాలుగా వస్తాయి, ఒక బోర్డు మీద ఒకటే పడుతుంది. బోర్డు పేరులో డీ4 అని ఉంటే ఆ లిస్టులోని ర్యామ్ దానికి పనికిరాదు. బిల్లు వేయించేముందు అది అమ్మాయి చేతే చూపించండి.

మీరు విన్నది నిజమే. వోల్టేజి ఎక్కువగా వెళ్లి ఆ రెండు తరాల ప్రాసెసర్లు కొన్ని దెబ్బతిన్నాయి. 2024 ఆగస్టు, సెప్టెంబరులలో ఇంటెల్ దానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) మార్పులు విడుదల చేసింది. అవి బయోస్ అప్‌డేట్‌తోనే బోర్డులోకి వస్తాయి. బాక్స్‌తో వచ్చే ప్రాసెసర్ల వారంటీని రెండేళ్లు పెంచింది కూడా. కాబట్టి సీల్ ఉన్న కొత్త బాక్స్ కొనండి, సెకండ్ హ్యాండ్ వద్దు. అంతకుముందు వాడినవాళ్లు పాత బయోస్‌తో ఎన్నాళ్లు నడిపారో మనకు తెలియదు, అప్పటికే జరిగిన నష్టాన్ని అప్‌డేట్ బాగు చేయలేదు. పీసీ అసెంబుల్ చేసేవాళ్లతో మొదటిరోజే తాజా బయోస్ వేయించి, ఆ వెర్షన్ నంబరు బిల్లు వెనక రాయించుకోండి.