కోర్టుల హద్దుల గురించి రాయబోతున్న అమ్మాయికి

అమ్మలూ,

కోర్టుల అధికారానికి హద్దులుండాలని నువ్వు పత్రికలో వ్యాసాలు మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి టెన్షన్ పట్టుకుంది. ప్రాక్టీసుకు నాలుగేళ్లు నిండలేదు. రేపు ఎవరి ముందు నిలబడాలో వాళ్ల తీర్పునే తప్పుపట్టబోతున్నావు.

తప్పుపట్టు తల్లీ. కానీ ఉద్దేశాలు అంటగట్టకు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం ఐదో సెక్షన్, తుది తీర్పు వచ్చిన కేసు మీద సద్విమర్శను ధిక్కారం కింద లెక్కించదు. నోరు జారిన మాటకు ఆ రక్షణ లేదు. తీర్పు మొత్తం చదివాకే రాయి. నీ సొంత కేసుల జోలికి వెళ్లకు. రాజకీయ పార్టీల వేదికలెక్కకు.

ఇప్పుడు చెప్పేది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

ప్రాక్టీసు పెట్టిన ఆరో ఏట మా ఊరి చెరువుకట్ట మీది ఆక్రమణల గురించి పిల్, అంటే ప్రజాప్రయోజన వ్యాజ్యం, వేశాను. ప్రతివాదులు కలెక్టరు, మున్సిపల్ కమిషనరు, ఒక కల్యాణమండపం యజమాని. ఆ మండపం గోడ తీయించాలన్నదే నా పట్టుదల. రెండో వాయిదాకే బెంచి నేను అడిగినదాన్ని మించి ఇచ్చింది. కట్ట మీద ఉన్నవన్నీ నాలుగు వారాల్లో తొలగించి నివేదిక ఇమ్మంది. పొంగిపోయాను. పేపర్లో పేరు పడింది. మండపం వాళ్లు పెద్ద లాయర్ని పెట్టి స్టే తెచ్చుకున్నారు. మున్సిపాలిటీకి నివేదికలో ఏదో ఒకటి చూపించాలి కదా, తోపుడు బండ్లు ఎత్తుకెళ్లింది.

కట్ట మీద ఇడ్లీలు అమ్మే ఒకావిడ ఆ ఉత్తర్వు జిరాక్సు పట్టుకుని నా ఆఫీసుకొచ్చింది. ఆవిడకు చదవడం రాదు. "ఇందులో నా పేరెక్కడుందో చూపించు బాబూ" అంది. కాగితమంతా తిరగేశాను. నా పేరుంది. ఆవిడ పేరు లేదు. ఆవిడని కేసులో పార్టీగా చేర్చాలన్న ఆలోచనే నాకు రాలేదు, నువ్వేమంటావని ఆవిడని బెంచీ అడగలేదు. ఆవిడనీ కేసులో చేర్చుకోమని ఇంప్లీడ్ పిటిషన్ నేనే వేయించాను. అది విచారణకొచ్చేసరికి ఆవిడ ఊరొదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. బండి మున్సిపల్ యార్డులో తుప్పు పట్టింది. చాలా ఏళ్లు నేను ఆ కట్ట దారిన నడవలేదు.

కౌన్సిలరు అన్యాయం చేస్తే ఆవిడ వాడి ఇంటిముందు నిలదీసేది, ఓటు వేయకుండా ఊరుకునేది. బెంచిని ఎక్కడ నిలదీస్తుంది? ఎదురుగా నిలబడ్డ ఇద్దరి తగువు తీర్చే చోట ఊరంతటినీ సర్దబోతే, పిలుపు అందనివాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే ఏ తీర్పు చేతికొచ్చినా ముందు కేసులో పార్టీల జాబితా చూడు. అక్కడ ఉండాల్సినవాళ్లు ఎవరు లేరో వెతుకు.

ఫలితం నచ్చినప్పుడు ఇంకా జాగ్రత్తగా చూడు. అమరావతి కేసులో 2022 మార్చిలో హైకోర్టు ఆరు నెలల్లో రాజధాని కట్టమంది. భూములిచ్చిన రైతుల పక్షమే నా మనసు. అయినా ఆ ఆరు నెలల లెక్క ఏ ఇంజనీరు వేసిచ్చాడు? నవంబరులో ఆ గడువుల మీద స్టే ఇచ్చిన సుప్రీంకోర్టు, కోర్టు టౌన్ ప్లానర్ అవుతుందా అని సూటిగానే అడిగింది. 2007 నాటి ఆరావళి గోల్ఫ్ క్లబ్ తీర్పు కూడా చదువు. తోటమాలులుగా చేరి ట్రాక్టర్లు నడుపుతున్నవాళ్ల కోసం డ్రైవరు పోస్టులు సృష్టించమన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు రద్దు చేసింది, అది కోర్టు పని కాదని. ఆ మాలులను తలుచుకుంటే నాకు బాధే. తీర్పు మాత్రం సరైనదే.

నీ మీద కోపం కూడా ఉంది. 2015లో జడ్జీల నియామక కమిషన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసిందని మొన్న ఇంట్లో అంత ఆవేశపడ్డావు. ఆ బెంచిలో ఒప్పుకోని జడ్జి చలమేశ్వర్ గారి భిన్న తీర్పు చదివి మాట్లాడావు, ముచ్చటేసింది. మరి 2016లో సినిమా హాళ్లలో జాతీయగీతం తప్పనిసరి అన్నప్పుడు చప్పట్లు కొట్టావే? ఏ చట్టం చెప్పిందని? 2018లో సుప్రీంకోర్టే దాన్ని ఐచ్ఛికం చేసింది. అప్పటికి నువ్వు చిన్నపిల్లవి, ఒప్పుకుంటాను. ఇప్పుడు కాదు.

ఇంకొకటి మరిచిపోకు. 1976లో, ఎమర్జెన్సీలో, జైల్లో పెట్టినవాళ్ల హెబియస్ కార్పస్ పిటిషన్లు, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్లు, చెల్లవని సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలన్నారు. ఐదో జడ్జి ఖన్నా గారొక్కరే ఒప్పుకోలేదు. మనిషి స్వేచ్ఛని కాపాడటం కోర్టు సొంత పని. దాన్ని వదిలేసిన రోజున కూడా ఇంతే గట్టిగా రాయాలి నువ్వు.

మొదటి వ్యాసం అచ్చుకిచ్చే ముందు నాకు పంపు. పెద్దక్షరాల్లో ప్రింటు తీయించు, ఫోన్లో చదవలేకపోతున్నాను. తీర్పు కాపీ కూడా జత చెయ్యి, పేరా నంబర్లు సరిచూస్తాను.

నీ పెదనాన్న