బండి సందేహాలు: స్విఫ్ట్‌కు హోండా సిటీ రిమ్ములు

ప్రశ్న: నాది 2016 స్విఫ్ట్ వీఎక్స్ఐ. ఇనుప రిమ్ములు, 165/80 ఆర్ 14 టైర్లు. వరంగల్‌లో పాత కార్ల సామాన్లు అమ్మే ఒక దుకాణంలో హోండా సిటీ 15 అంగుళాల అల్లాయ్ రిమ్ములు టైర్లతో, నట్లతో సహా దొరుకుతున్నాయి. 'దానికీ నాలుగు నట్లే, దీనికీ నాలుగు నట్లే, మంచిగ కూసుంటయ్' అంటున్నాడు దుకాణాయన. తీసుకోమంటారా? పని మీద తరచూ భూపాలపల్లి వెళ్లొస్తుంటాను.
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: దుకాణాయన అబద్ధం చెప్పలేదు తమ్ముడూ, సగమే చెప్పాడు. నట్ల రంధ్రాల మీదుగా గుండ్రంగా గీత గీస్తే దాని అడ్డుకొలతను మేం పీసీడీ అంటాం. స్విఫ్ట్‌కూ సిటీకీ అది 100 మిల్లీమీటర్లే. అందుకే రిమ్ము హబ్ (చక్రం బిగించే గుండ్రటి దిమ్మ) మీద పెట్టగానే నాలుగు స్టడ్లూ (నట్లు ఎక్కించే బోల్టులు) రంధ్రాల్లోంచి చక్కగా బయటికొస్తాయి, పని అయిపోయిందనిపిస్తుంది. ఇట్లా 'కూసున్న' రిమ్ములతో, స్టీరింగ్ వణుకుతోందంటూ హన్మకొండలో మా అలైన్‌మెంట్ షాపుకు వచ్చేవాళ్లున్నారు. అలైన్‌మెంట్ చూస్తే సరిగ్గానే ఉంటుంది!

అసలు పేచీ నట్లతోనే. స్టడ్లు నీ బండివి. స్విఫ్ట్ స్టడ్ 12 మి.మీ. లావు, థ్రెడ్, అంటే మరల మధ్య దూరం, 1.25 మి.మీ. హోండాదీ 12 మి.మీ. లావే కానీ థ్రెడ్ 1.5. కాబట్టి రిమ్ములతో పాటు ఆయన ఇచ్చే నట్లు చేత్తో ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోతాయి. అక్కడ షాపులో పిల్లవాడు గాలి గన్ను పెట్టి ఒక్కసారి నొక్కాడంటే స్టడ్ థ్రెడ్ పోయినట్టే. ఆ నట్లు ఊరికే ఇచ్చినా వద్దు.

మరి స్విఫ్ట్ నట్లే వాడితే? థ్రెడ్ కలుస్తుంది, కూర్చునే చోటు కలవదు. స్విఫ్ట్ నట్టు మొన ఏటవాలుగా, కోన్ ఆకారంలో ఉంటుంది. సిటీ కంపెనీ రిమ్ముకు నట్టు కూర్చునే గుంట బంతి ఆకారంలో తొలిచి ఉంటుంది. గిన్నెలో గరాటు పెట్టినట్టు, నట్టంతా ఆనదు, ఒక్క గీత మీద ఆనుతుంది. బిగించినప్పుడు స్పానర్‌కు గట్టిగానే తగులుతుంది. బండి తిరుగుతున్న కొద్దీ ఆ గీత దగ్గర అల్లాయ్ అణుగుతుంది, నట్టు వదులవుతుంది. 1.25 థ్రెడ్‌తో, బంతి మొనతో ఉన్న నట్లు కావాలి. అవి మన దగ్గర సులువుగా దొరకవు. దొరికినా ఇంకో తంటా ఉంది. నీ స్టెప్నీ పాత ఇనుప రిమ్మే కదా, దానికి కోన్ నట్లు కావాలి. అంటే రెండు రకాల నట్లూ డిక్కీలో పెట్టుకు తిరగాలి. రాత్రిపూట రేగొండ దగ్గర పంక్చరైతే ఫోన్ లైటు వెలుగులో ఏ నట్టు దేనిదో వెతుక్కోవాలి.

నడిమి రంధ్రం సంగతి చిన్నదే. స్విఫ్ట్ హబ్ 54.1 మి.మీ., సిటీ రిమ్ము రంధ్రం 56.1. ఆ సందు పూడ్చే రింగులు దొరుకుతాయి. అవి లేకుండా బిగిస్తే రిమ్ము నడిమికి రాకుండా వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది. వేగం పెరిగితే స్టీరింగ్ వణికేది అందుకే.

ఇక టైర్లు. సిటీ 15 అంగుళాల రిమ్ములకు మామూలుగా వచ్చేవి 175/65 ఆర్ 15. వాటి మొత్తం ఎత్తు 608 మి.మీ. చిల్లర, నీ టైరుది దాదాపు 620. అంటే రిమ్ము పెద్దదైనా చక్రం చిన్నదవుతుంది, బండి అయిదారు మి.మీ. కిందికి దిగుతుంది, మీటరు కాస్త ఎక్కువ చూపిస్తుంది. టైరు సైజు పక్కనుండే బరువు నంబరు కూడా చూసుకో: వీటికి 84 ఉంటే ఒక్కో టైరు మోయగలిగేది 500 కిలోలు, నీ వాటికి 85 ఉంటే 515 కిలోలు. బొగ్గు లారీల వెనకాల గుంతల్లో తిరిగే బండికి ఎత్తూ బలమూ రెండూ తగ్గించడం నాకు నచ్చదు.

కాబట్టి సిటీ రిమ్ములు వదిలెయ్. వేరే కంపెనీవే కావాలంటే హ్యుందాయ్ ఐ20 అల్లాయ్‌లు చూడు. పీసీడీ 100, నడిమి రంధ్రం 54.1, నట్టు గుంట కోన్ ఆకారం. నీ స్విఫ్ట్ నట్లే సరిపోతాయి, స్టెప్నీకీ అవే. వాళ్ల నట్లు మాత్రం తీసుకోకు, హ్యుందాయ్‌దీ 1.5 థ్రెడ్డే. 16 అంగుళాలకు పోవద్దు. 195/55 టైరు పక్కగోడ 107 మి.మీ., ఇప్పుడు నీకున్నది 132. పక్కగోడ తగ్గితే గుంతల దెబ్బ రిమ్ముకు తగులుతుంది. 15 అంగుళాల రిమ్ముకు 185/65 వేసుకో, స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చిన సైజే అది, ఎత్తూ మారదు. నన్నడిగితే ఆ జెడ్ఎక్స్ఐ రిమ్ములే దొరికితే ఇంకే ఆలోచనా వద్దంటాను. కానీ అందరికీ ఉన్న డిజైనే మనకూ ఎందుకంటారు కుర్రాళ్లు!

కొనేముందు రిమ్మును బోర్లించి లోపలి అంచు వేలితో తడిమి చూడు. వెల్డింగ్ చేసి రంగు కొట్టినవి ముందు వైపు నుంచి మెరుస్తూనే ఉంటాయి. వెనక ఈటీ అని ఒక నంబరు అచ్చుపోసి ఉంటుంది. అది నీ పాత రిమ్ము నంబరు కంటే బాగా తక్కువైతే చక్రం బయటికి పొడుచుకొచ్చి మడ్‌గార్డుకు తగులుతుంది, బాగా ఎక్కువైతే లోపల సస్పెన్షన్‌కు రాసుకుంటుంది. వేయించాక 50, 100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ స్పానర్‌తో బిగించుకో. ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పి పాలసీలో రాయించు, లేకుంటే అల్లాయ్‌లు పోయినప్పుడు వాటి డబ్బు రాదు.

ప్రశ్న: మా ఐ10కు ఫోర్డ్ ఫిగో రిమ్ములు వేయించాను. నట్లు నాలుగూ ఎక్కాయి కానీ బిగించేటప్పుడు మెకానిక్ చాలా కష్టపడ్డాడు. పర్వాలేదా?
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: పర్వా ఉందమ్మా, ఇవాళే విప్పించండి. ఫిగో పీసీడీ 108, మీ బండిది 100. థ్రెడ్ రెండింటికీ ఒకటే కాబట్టి నట్లు ఎక్కాయి. అవి నిటారుగా కూర్చోలేదు, స్టడ్లను పక్కకు లాగుతూ ఉన్నాయి. పాత రిమ్ములు పెట్టించేటప్పుడు స్టడ్లు ఒక్కొక్కటీ చూడమనండి. వంగినా, థ్రెడ్ అరిగినా కొత్తవి వేయించండి. అప్పటిదాకా ఆ బండిలో పిల్లల్ని బడికి పంపకండి.