కిచెన్ ఫిట్టింగ్‌కి ముందు కొనాల్సింది కోసే మిషన్ కాదు, హోల్ వేసే మిషన్

ఐదేళ్ళు మేస్త్రి దగ్గర పని చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో సొంతంగా మాడ్యులర్ కిచెన్లు ఫిట్ చేద్దామనుకుంటున్నాను, చేతిలో 50 వేలున్నాయి, ముందు టేబుల్ సా (బల్లకు రంపం బిగించిన కోత మిషన్) తీసుకోనా అని అడిగావు కదా తమ్ముడూ. వద్దు. ఇప్పుడే వద్దు. నేను ఈ పనిలో 13 ఏళ్ళుగా ఉన్నాను, అందులో 9 ఏళ్ళు సొంతంగానే. మొదట్లో నేనూ డబ్బంతా కోసే మిషన్ల మీదే పెట్టాను.

ఒక్కసారి ఆలోచించు. ఇప్పుడు ప్లై, హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (తేమను తట్టుకునే గట్టి రకం) బోర్డులను ఫ్యాక్టరీలో ప్యానెల్ సా అనే పెద్ద కోత మిషన్ మీద కోసి, అంచులకు ఎడ్జ్ బ్యాండ్ పట్టీ అంటించి సైటుకే పంపుతున్నారు. ఆ మిషన్ కోసినంత నున్నగా మనం ఫ్లాట్‌లో నేల మీద కూర్చుని కోయలేం. సైటులో మనకు మిగిలేది బాక్సులు బిగించడం, మట్టం చూసి నిలబెట్టడం, పైవి గోడకు వేలాడదీయడం, హింజ్‌లు, డ్రాయర్ ఛానళ్ళు సరిచేయడం. ఇదంతా హోల్, స్క్రూ, మట్టం. నీ డబ్బు వీటి మీదే పోవాలి.

మొదట 12 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్, రెండు బ్యాటరీలతో. 18 వోల్టులది బలంగా ఉంటుంది, కానీ సింక్ కింద బాక్సులో తల పెట్టి పైకి స్క్రూ బిగించేటప్పుడు ఆ పొడవు, బరువు రెండూ ఇబ్బందే. డ్రిల్ మూతి దగ్గర తిరిగే కాలర్ మీద, స్క్రూ ఎంత బలంగా బిగించాలో చెప్పే అంకెలుంటాయి, చాలామంది పట్టించుకోరు. హింజ్ స్క్రూలకు చిన్న అంకె మీద పెట్టుకో. లేకపోతే బోర్డులో స్క్రూ గిర్రున తిరిగి పట్టు పోతుంది, ఆరు నెలలకు షటర్ (బాక్సు తలుపు) వేలాడుతుంది. దెబ్బ కొడుతూ స్క్రూ తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్‌తో హింజ్‌లు అస్సలు బిగించొద్దు.

హింజ్ కప్పు, అంటే షటర్‌లో హింజ్ కూర్చునే గుండ్రటి గుంట కోసం 35 మి.మీ. బిట్ మంచిది కొను. దానితోపాటు లోతు ఆపే స్టాపర్ ఉన్న జిగ్ (బిట్‌ను సరైన చోట పట్టి ఉంచే అచ్చు) కూడా తప్పకుండా తీసుకో. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, సొంతంగా చేసిన రెండో కిచెన్‌లోనే నాకు దెబ్బ తగిలింది. అక్రిలిక్ షటర్లు, 18 మి.మీ. మందం. ఒక షటర్ ఎడమ నుంచి కుడికి మార్చమన్నారు, అంటే కప్పు హోల్స్ కొత్తగా వేయాలి. కప్పుకు కావాల్సింది 12, 13 మి.మీ. లోతు, అంటే అవతల మిగిలేది 5, 6 మి.మీ.లే. బిట్ మధ్యలో ఉండే ముల్లు ఇంకో రెండు మూడు మి.మీ. ముందుకే పోతుంది. నేను కంటి అంచనాతో దించాను. తిప్పి చూస్తే పైన ఏమీ కనబడలేదు. సాయంత్రం ట్యూబ్‌లైట్ వేశాక, మెరిసే ఆ ఎర్ర షటర్ మీద పక్క నుంచి చూస్తే మొటిమంత ఉబ్బు. ముందు చూసింది ఆ ఇంటి అమ్మగారే. వేలితో తడిమి, నా మొహం వంక చూశారు, ఏమీ అనలేదు. కొత్త షటర్ నా డబ్బుతో తెప్పించాను, 12 రోజులు పట్టింది. ఆ రోజు నుంచి స్టాపర్ లేకుండా, క్లాంప్ వేయకుండా ఒక్క కప్పు హోల్ కూడా వేయలేదు.

రెండోది రోటరీ హామర్, ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లు (నొక్కితే చాలు, మిషన్‌లో కూర్చునేవి) పట్టే చిన్న సైజుది. మామూలు ఇంపాక్ట్ డ్రిల్ ఉందిగా అంటావేమో. దానిలో పళ్ళున్న రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి తిరిగి ఎగురుతుంటాయి, దెబ్బ బలమంతా నువ్వు నెట్టేదాన్ని బట్టే ఉంటుంది. హామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి సుత్తిలా కొడుతుంది, నువ్వు ఊరికే పట్టుకుంటే చాలు. ఇటుక గోడకు రెండూ పనికొస్తాయి. కానీ ఇప్పుడు పెద్ద టవర్లలో చాలావాటికి అల్యూమినియం షట్టరింగ్‌తో గోడలు కూడా కాంక్రీట్‌తోనే పోస్తున్నారు, మైవాన్ అంటారు చూడు, అది. ఆ గోడ మీద ఇంపాక్ట్ డ్రిల్ పెడితే బిట్ ఎర్రబడుతుంది, హోల్ పక్కకు జారుతుంది, పైబాక్సు వేలాడే పట్టీ మట్టం తప్పుతుంది.

లైట్ వెయిట్ బ్లాకుల గోడైతే హామర్ మోడ్ ఆపేసి, ఉత్త డ్రిల్ మీదే వేయి. దెబ్బకు బ్లాకు లోపల పొడై గిట్టీ (స్క్రూను పట్టుకునే ప్లాస్టిక్ తొడుగు) వదులైపోతుంది. ఆ గోడలకు విడిగా వచ్చే యాంకర్లే వాడాలి. ఇటుక గోడలో కూడా ప్లాస్టరింగ్ మందాన్ని లెక్కలోకి తీసుకోకు, గిట్టీ మొత్తం ఇటుకలోకే వెళ్ళాలి. పైబాక్సులో రేపు స్టీలు గిన్నెలు, కందిపప్పు డబ్బాలు నిండుతాయి. దాని కిందే నిలబడి ఒకరు వంట చేస్తారు.

హోల్ వేసే ముందు, గోడ లోపలి పైపులు, వైర్లు తగలకుండా, కొళాయి, గీజర్ పాయింట్, స్విచ్ బోర్డు ఎక్కడున్నాయో చూడు. వాటికి నిట్టనిలువుగా పైనా కిందా, అడ్డంగా అటూ ఇటూ వేయొద్దు. టైల్స్ వేయకముందు తీసిన ఫోటో ఏదైనా ఉందా అని ఇంటివాళ్ళను అడుగు, చాలామంది ఫోన్లో ఉంటుంది. గోడలో ఏముందో చూపే డిటెక్టర్ కరెంటు వైరును, ఇనుమును చూపిస్తుంది కానీ ప్లాస్టిక్ పైపును చాలా డిటెక్టర్లు పట్టవు.

మూడోది మట్టం చూడటానికి గోడ మీద అడ్డంగా, నిలువుగా ఆకుపచ్చ వెలుగు గీతలు వేసే క్రాస్ లైన్ లేజర్. మేస్త్రి దగ్గర నీటి గొట్టంతో, రసమట్టంతో నేర్చుకుని ఉంటావు, అది మర్చిపోవద్దు. కానీ గొట్టానికి ఇద్దరు కావాలి, నువ్వు ఒక్కడివే మొదలుపెడుతున్నావు. వంటింటి నేల చాలా ఇళ్ళలో యుటిలిటీ వైపు వాలి ఉంటుంది. మొన్న మియాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో 10 అడుగుల గోడకు 14 మి.మీ. వాలు వచ్చింది. ముందు లేజర్ పెట్టి నేలలో ఎత్తైన చోటు పట్టుకో, మొదటి బాక్సు అక్కడ నిలబెట్టు, మిగతావాటి కాళ్ళు తిప్పుకుంటూ ఆ గీతకు తీసుకురా. పల్లం నుంచి మొదలుపెడితే చివరి బాక్సు కాళ్ళు పూర్తిగా బిగించినా కిందకు దిగదు. ఎల్ ఆకారం కిచెన్ అయితే మూలమట్టంతో సరిపెట్టుకోకుండా 3, 4, 5 అడుగుల లెక్కతో (ఒక గోడకు 3, రెండో గోడకు 4 కొలిస్తే ఆ రెండు గుర్తుల మధ్య 5 రావాలి) మూల సరిచూసుకో. నేను చూసిన మూలల్లో సరిగ్గా 90 డిగ్రీలు ఉన్నవి తక్కువే.

ఈ మూడూ వచ్చాక జిగ్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందకీ ఆడుతూ కోసేది), ట్రిమ్మర్ (అంచులు సాపు చేసే చిన్న మిషన్). సింక్ బాక్సులో పైపులకు, చిమ్నీ గొట్టానికి బాక్సులో దారికి జిగ్ సా కావాలి. సన్‌మైకా మీద కోసేటప్పుడు పళ్ళు కిందకు ఉన్న బ్లేడు వేయి, గీత మీద టేపు అంటించు, అంచు పెచ్చులు లేవదు. గోడకు 6 అంగుళాల చిమ్నీ హోల్ మాత్రం కోర్ కటింగ్ వాళ్ళనే పిలువు. గ్రానైట్ కూడా గ్రానైట్ మేస్త్రికే వదిలెయ్.

కోత గురించి ఒక్క మాట. బాక్సుకూ గోడకూ మధ్య సందు మూసే ఫిల్లర్ పట్టీలు, బాక్సుల కింద కాళ్ళు కనబడకుండా వేసే స్కర్టింగ్ కోయడానికి చాలామంది 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు తగిలించి వాడతారు, నువ్వూ వాడే ఉంటావు. అది రాయి కోసే మిషన్. నిమిషానికి 12, 13 వేల చుట్లు తిరుగుతుంది, చెక్క కోసే 7 అంగుళాల సర్క్యులర్ సా 5 వేల దగ్గరే ఆగుతుంది. చెక్క మిషన్‌కి కింద తనంతట తాను మూసుకునే గార్డు ఉంటుంది, కట్టర్‌కి ఉండదు. మా మేస్త్రి చేతి మీదకే ఒకసారి అది ఎగిరొచ్చింది. ఎడమ చేతి రెండు వేళ్ళ నరాలు తెగాయి. ఇరవై ఏళ్ళ పనితనం ఉన్న చేయి, ఈ రోజుకీ ఆ రెండు వేళ్ళూ పూర్తిగా ముడవలేడు. మొదటి రెండు మూడు కిచెన్ల డబ్బు రాగానే గైడ్ రైలుతో (మిషన్ నేరుగా జరిగే పట్టాతో) సర్క్యులర్ సా కొనుక్కో, 60 పళ్ళ బ్లేడుతో. అప్పటిదాకా ఆ చిన్న కోతలు జిగ్ సాతో కోసి, చిత్రికతో సాపు చేసుకో. ఆలస్యమైనా పర్వాలేదు.

వాక్యూమ్ క్లీనర్ కూడా ఈ 50 వేలలోనే రావాలి. మనుషులున్న ఇంట్లో గోడకు హోల్ వేసేటప్పుడు దాని గొట్టం హోల్ కిందనే పెట్టి పట్టుకో. చెక్క పొడి వల్ల క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగమే తేల్చింది. ముక్కుకు రుమాలు కట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్క్ పెట్టుకో. కరెంటుకు సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడకు, 2.5 చదరపు మి.మీ. రాగి వైరుతో నువ్వే ఒకటి చేసుకో. వాడేటప్పుడు చుట్టంతా విప్పు, చుట్టగా ఉంచితే వేడెక్కుతుంది.

కొనడానికి సికింద్రాబాద్‌లోని రాణీగంజ్ వెళ్ళు, రెండు మూడు షాపులు తిరుగు. కార్డ్‌లెస్ మిషన్లన్నీ ఒకే కంపెనీవి, ఒకే వోల్టేజీవి తీసుకో, బ్యాటరీలు కలిసొస్తాయి. లేజర్ మాత్రం డబ్బులిచ్చే ముందు షాపులోనే పరీక్షించు. కదలని బల్ల మీద పెట్టి, వీలైనంత దూరం గోడ మీద అడ్డగీత నడిమి భాగం పడేచోట పెన్సిల్‌తో చుక్క పెట్టు. తర్వాత మిషన్‌ని ఉన్నచోటే పక్కకు తిప్పి, అదే గీత చివరి భాగం ఆ చుక్క మీదకు వచ్చేలా చూడు. 5 మీటర్లకు ఒకటిన్నర మి.మీ. కంటే తేడా కనిపిస్తే ఇంకో పీసు అడుగు. షాపతను తొందరపెట్టినా సరే, రెండు వైపులా తిప్పి చూశాకే డబ్బులివ్వు.