చిన్నోడి జడుపు గురించి అమ్మణ్ణికి

చిరంజీవి అమ్మణ్ణికి, అనంతపురం నుంచి పెద్దనాయన దీవెనలు.

చిన్నోడు రాత్రిళ్లు జడుసుకుని లేస్తున్నాడని నిన్న ఫోన్లో నువ్వు సగం చెప్పి సగం ఏడ్చావు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. అందుకే కాగితం పట్టాను. చదివాక అల్లుడికి కూడా చూపించు. చిన్నోణ్ణి ఆ నరుకుడు సినిమాకు సెకండ్ షో తీసుకుపోయినందుకు ఆయన్ను తిట్టడానికి కాదు. ముప్పై ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటరుగా చేసిన నేనే ఇంతకంటే పెద్ద తప్పు చేశాను, ఆయన్ను ఏమని తిట్టేది?

మీ అన్నకు అప్పుడు ఐదేళ్లు. మీ పెద్దమ్మ పుట్టింటికి పోయింది. వాణ్ణి ఒక్కణ్ణే వదలలేక నాతోపాటు సెకండ్ షోకు తీసుకుపోయి క్యాబిన్లో కూర్చోబెట్టాను. ఆ వారం దయ్యం సినిమా ఆడుతోంది. క్యాబిన్ కిటికీ వాడికి అందదు, తెర కనపడదు, ఇంకేం భయం అనుకున్నాను. బొమ్మ కనపడలేదు సరే, మాకోసం పెట్టిన చిన్న స్పీకరులో అన్నీ వినపడ్డాయి. తలుపు కిర్రుమనడం, గజ్జెల చప్పుడు, ఆ నవ్వు. చూసినవాడికి దయ్యం ఎంతుందో అంతే. విన్నవాడికి దానికి కొలత లేదు. ఏడాది పాటు వాడు ఒక్కడే దొడ్లోకి పోలేదు. నేనేమో "మగపిల్లోడివి, సిగ్గు లేదా" అని చుట్టాల ముందు నవ్వేవాణ్ణి. ఇప్పుడు వాడికి నలభై దాటాయి. ఆ సినిమా పేరు మర్చిపోయాడు గానీ నేను నవ్వింది మాత్రం మర్చిపోలేదు.

అప్పటి నుంచి నాకు ఒకటి తెలిసొచ్చింది. భయం సగం చెవుల్లోంచే లోపలికి పోతుంది. హాల్లో తల్లులు పిల్లల కళ్లకు కొంగు అడ్డం పెట్టేవాళ్లు, ఆ పిల్లలు కొంగు కింద గజగజ వణికేవాళ్లు. అలాంటప్పుడు కొంగు కాదు, పిల్లోణ్ణి ఎత్తుకుని బయటికి రావాలి. టికెట్ డబ్బులు పోతే పోయాయి. ఇంట్లో అయితే ఇంకా తేలిక, రిమోటుతో సౌండు తీసేయడమే. సౌండు లేకపోతే ఎంత పెద్ద దయ్యమైనా నోరు తెరుచుకుని నిలబడ్డ మనిషే.

వాడు లేచి ఏడ్చినప్పుడల్లా "అది నిజం కాదు నాన్నా, ఉత్త సినిమా" అని చెప్తున్నానన్నావు. వాడికి ఆరేళ్లు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆ మాట ఎక్కదు. వాళ్లకు కంటికి కనపడిందే నిజం. అర్ధరాత్రి న్యాయం చెప్పకు. దగ్గరికి తీసుకో, గ్లాసుడు నీళ్లు తాగించు, వీపు నిమురు, చిన్న లైటు వేసి ఉంచు. చేతి వేడి చేసే పని మాట చేయదు. "ఏముందిరా అక్కడ, ఏమీ లేదు" అని మాత్రం అనకు. వాడికి ఉంది.

ఇంకో సంగతి. నిద్ర పట్టిన గంటా రెండు గంటలకే కళ్లు తెరిచి కేకలు పెట్టి, నిన్ను చూసి కూడా గుర్తుపట్టకుండా, పొద్దున అడిగితే ఏమీ తెలియదంటే, అది కల కాదు. దానికి వాణ్ణి తట్టి లేపకు, మంచం మీద నుంచి పడకుండా పక్కన కూర్చో, కాసేపటికి అదే సర్దుకుంటుంది. తెల్లవారుజామున లేచి "కొడవలి పట్టుకుని వచ్చినాడు" అని కథంతా చెప్తే అది పీడకల. అప్పుడు చెప్పనీ. పొద్దున కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి ఆ కొడవలోణ్ణి గీయమను. గీశాక వాడికి మీసాలు నీ ఇష్టం వచ్చినట్టు పెట్టు, నెత్తిన మంకీ టోపీ పెట్టు. నవ్వు వచ్చిందంటే సగం దిగినట్టే.

ఇక బురుజు. ఆటో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గరికి వచ్చేసరికి, సినిమాలో చూసిన చోటే అని చిన్నోడు నీ కొంగులో తల దూరుస్తున్నాడని చెప్పావే, అది విన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. 1999 తర్వాత కొన్నేళ్లు ఫ్యాక్షన్ సినిమాలు వరసగా వచ్చాయి. అవన్నీ ఆడించింది నేనే. తెర మీద సుమోలు లేచి పేలేవి, హాలు బయటికి వస్తే స్టాండులో సైకిళ్లు. మన జనమే ఈలలు వేసి, కాగితాలు చించి ఎగరేసి చూశారు. ఆ తర్వాత మన పిల్లలు హైదరాబాదులో చదువుకు పోతే "మీ ఊళ్లో బాంబులు వేసుకుంటారంట కదా" అని అడిగారు. పరాయివాళ్లు అడిగితే నవ్వి ఊరుకోవచ్చు. మన ఇంటి పిల్లోడే మన ఊరి బురుజును చూసి కళ్లు మూసుకుంటే ఏం చేస్తాం?

అక్కడికి తీసుకుపో. రాత్రి కాదు, ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీ తిన్నాక. మొదటి రోజు రోడ్డు అవతల నిలబడి చూపించి వచ్చేయండి. వాడు వద్దంటే బలవంతం లేదు. మరుసటి వారం ఇంకాస్త దగ్గరికి. వాడంతట వాడు ఆ రాయి మీద చెయ్యి పెట్టేదాకా ఎన్ని వారాలైనా సరే. ఇది విజయనగర రాజుల కాలపు కోటలో మిగిలిన బురుజు అని చెప్పు. కొండారెడ్డిని ఇందులో పెడితే సొరంగంలోంచి తప్పించుకున్నాడనీ, ఆ సొరంగం తుంగభద్ర కింద నుంచి గద్వాల దాకా పోతుందనీ జనం చెప్పుకునే కథ కూడా చెప్పు. సొరంగం అంటే చాలు, ఏ పిల్లోడైనా కొడవలి మర్చిపోతాడు. "ఇక్కడ నిజంగా కొట్టుకున్నారా" అని అడిగితే మాత్రం అబద్ధం చెప్పకు. మన సీమలో పల్లెల్లో కక్షలు ఉండేవి, మనుషులు చచ్చిపోయారు, దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు, ఇప్పుడు మునుపటిలా లేదు అని చెప్పు. అంతే, వివరాలు వద్దు.

మీ అత్తమ్మ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టిస్తానంటోందని విసుక్కున్నావు. పోనీవమ్మా. మన వైపు జడుసుకున్న బిడ్డకు ఎవరైనా చేసేదే అది. ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీస్తే తీయనీ. ఒక పెద్దామె వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని "ఇంక ఏమీ కాదు నాయనా" అంటే వాడికి ధైర్యమే. ఒక్కటి మాత్రం మెల్లగా చెప్పు, "దయ్యం పట్టింది, గాలి సోకింది" అనే మాటలు వాడి చెవిన పడకూడదని. లేని దయ్యాన్ని పెద్దవాళ్లే ఉందని ఒప్పుకుంటే ఇక వాడికి దిక్కేది?

పక్కింటి పిల్లోడితో కలిసి కట్టె పట్టుకుని నరుకుతా అంటూ ఆడుతున్నాడని కూడా అన్నావు. ఆడనీ. భయాన్ని పిల్లలు ఆటలో అరిగించుకుంటారు. కానీ నిజంగా కొట్టాడంటే అక్కడే ఆపు. మా కోడలి బీఈడీ పుస్తకంలో చదివాను, 1961లో అమెరికాలో ఆల్బర్ట్ బందూరా అనే ఆయన పిల్లల ముందు ఒక పెద్దమనిషి చేత గాలి నింపిన బొమ్మను కొట్టించాడంట. తర్వాత ఆ పిల్లలు అదే బొమ్మను అలాగే కొట్టారు. నాకు ఆశ్చర్యమేమీ వేయలేదు. క్యాబిన్ కిటికీలోంచి నేను తెర కంటే జనాన్నే ఎక్కువ చూసేవాణ్ణి. తల తెగిన సీను రాగానే చిన్నపిల్లలు ముందు తెర వైపు కాదు, నాయన ముఖం వైపు చూస్తారు. నాయన ఈల వేస్తున్నాడు. ఏడవబోయినవాడు అది చూసి చప్పట్లు కొడతాడు. అల్లుడికి నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే. పిల్లోడు పక్కన ఉన్నప్పుడు ఆయన సినిమాను కాదు, పిల్లోణ్ణి చూడాలి.

సినిమా సెన్సార్ సర్టిఫికెట్ సంగతి క్లుప్తంగా. బొమ్మ మొదలయ్యే ముందు తెర మీద పడే ఆ కాగితాన్ని ఎవరూ చదవరు. 'ఏ' అని ఉంటే పద్దెనిమిదేళ్ల లోపువాళ్లను హాల్లోకి రానివ్వకూడదు. గేటు దగ్గర ఎవరూ ఆపకపోయినా నువ్వే ఆగాలి. 2023లో చట్టం మార్చాక, పెద్దల సలహాతో పిల్లలు చూడాల్సిన యు/ఏను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఈ అంకెలు తల్లిదండ్రులకు చెప్పే హెచ్చరికే గానీ గేట్‌మన్‌కు కాదు. అందుకే బాధ్యత మొత్తం మీ మీదే పడుతుంది. ఫోన్లో, టీవీలో వచ్చే ఓటీటీలకు 13+ నుంచి పైవాటికి తాళం వేసే వీలు ఉంటుంది. పిన్ పెట్టు, ఆ పిన్ వాడి పుట్టినరోజు కాకుండా చూడు. నిద్రకు గంట ముందే తెరలన్నీ ఆపెయ్యండి, మీవి కూడా.

వాడికి మధ్యాహ్నం పూట వంటింట్లో ఒక పని పెట్టు. చక్కెర పాకంలో ఎర్ర రంగు, రెండు చుక్కల చాక్లెట్ సిరప్ కలిపించు. సినిమా రక్తం ఇలాంటిదే. వాడి చేతికే పూసుకుని నాకి చూడనీ. ఎముకలు విరిగే చప్పుడుకు స్టూడియోల్లో కూరగాయలు విరిచి రికార్డు చేస్తారు. చెవి దగ్గర క్యారెట్ పుటుక్కున విరిచి వినిపించు. నిజం కాదని నోటితో చెప్తే నమ్మనివాడు చేతికి అంటుకుంటే నమ్ముతాడు.

పెద్దదాని గురించి నువ్వు ఒక్క మాటా చెప్పలేదు. అది కూడా ఆ రోజు సినిమాకు పోయింది కదా? పదేళ్ల పిల్ల దయ్యాలకు భయపడదు, జరగగలిగినవాటికి భయపడుతుంది. నాయన రాత్రి డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తే నిద్రపోకుండా కూర్చుంటోందేమో చూడు. గొళ్లెం రెండుసార్లు చూస్తోందేమో చూడు. దానికి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం చాలదు, మాట కావాలి. జడ వేసేటప్పుడు అడుగు, ముఖం కనపడకపోతే చెప్తుంది.

నెల దాటినా తగ్గకపోతే, బడికి పోనంటే, తిండి మానేస్తే, మీ కర్నూలు పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించండి. 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. టెలీమానస్ అంటారు దాన్ని, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను.

దసరా సెలవులకు ఇద్దరినీ పంపించు. నా ట్రంకు పెట్టెలో తెగిపోయిన రీలు ముక్కలు ఇంకా ఉన్నాయి. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు, ఒక్క అడుగు ముక్కలో పదహారు. వాటిలో ఒక ఫైటు ముక్క కూడా ఉంది. ఎండకు పట్టి చూస్తే కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడి ఉంటాడు, ఏ బొమ్మలోనూ కదలడు. చిన్నోడికి చూపిస్తాను. వాడికి ఇష్టమైతే చూస్తాడు, లేదంటే ఆ డబ్బా మూత కూడా తీయను.

పక్క తడుపుతున్నాడని నువ్వు సిగ్గుపడి చెప్పావు. మీ పెద్దమ్మ ఇప్పటికే రబ్బరు షీటు తీసి కడిగి ఆరేసింది. ఆ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తరు, నువ్వూ వాడి ముందు ఎత్తకు. నిక్కర్లు మాత్రం నాలుగు ఎక్కువ పెట్టి పంపు.

మీ పెద్దనాయన