మార్కు సువార్తకు ఒక కూర్పు ఉందా, లేక అది విడివిడి సంఘటనల పోగా?

యేసు జీవితాన్ని చెప్పే మార్కు సువార్తలో సంఘటనలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతాయే తప్ప వాటి వెనుక రచనా ప్రణాళిక ఏదీ కనిపించదు, నిజంగా ఉందా అని మీరు అడిగారు. ఈ అనుమానం చాలా పాతది. యేసు శిష్యుడైన పేతురు చెప్పినవాటిని మార్కు జాగ్రత్తగానే రాశాడు గాని క్రమంలో రాయలేదని 2వ శతాబ్దంలో పపియస్ అనే బిషప్పు అన్నట్టు, 4వ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ ఉదహరించాడు. విడివిడిగా ప్రచారంలో ఉన్న కథలను సువార్తికుడు తన సొంత చట్రంలో బిగించాడని 1919లో కార్ల్ లుడ్విగ్ ష్మిట్ అనే జర్మన్ పండితుడు వాదించాడు. కాలక్రమం సంగతి వారికే వదిలేద్దాం. కూర్పు మాత్రం ఉంది, అది కంటికన్నా ముందు చెవికి తెలుస్తుందని నా అనుభవం.

మా ఊరి చర్చిలో వాక్యపఠనం చాలా ఏళ్లు నా వంతుగా ఉండేది. ఆదివారానికి పది పదిహేను వచనాలు చదివి కూర్చునేవాణ్ణి. ఒక ఏడాది, గుడ్ ఫ్రైడేకు ముందు ఒక రాత్రి, మార్కు సువార్త మొత్తాన్ని ఒకే విడతలో బిగ్గరగా చదివాను. రెండు గంటలకు పైగా పట్టింది. విన్నవారిలో ఎక్కువమంది చదువు రాని పెద్దవాళ్లు. 5వ అధ్యాయంలో సమాజమందిరపు అధికారి యాయీరు, చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం యేసు పాదాలమీద పడతాడు. యేసు బయలుదేరతాడు. దారిలో, గుంపు మధ్య, రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ వచ్చి ఆయన వస్త్రాన్ని ముట్టుకుంటుంది. ఆయన ఆగి, తనను ముట్టిందెవరని చుట్టూ చూస్తున్న చోట, ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ ఉండబట్టలేక "అక్కడ పిల్ల పోతుందయ్యా" అంది. ఆ రెండు కథలనూ వేర్వేరు ఆదివారాల్లో చదువుతూ వచ్చిన నాకు ఆ ఆదుర్దా అంతవరకు ఎన్నడూ కలగలేదు.

ఒక కథను మధ్యలో ఆపి, మరో కథను పూర్తిగా చెప్పి, మళ్లీ మొదటిదానికి రావడం మార్కు ప్రధానమైన పద్ధతి. పండితులు దీన్ని కాస్త సరదాగా 'శాండ్‌విచ్' అంటారు. హరికథలు విన్న మనకు పిట్టకథ గుర్తుకు రావచ్చు గాని, రెండూ ఒకటి కావు. పిట్టకథ వినేవారికి కాస్త ఊరటనిస్తుంది, దాన్ని తీసేసినా అసలు కథకు లోటు రాదు. మార్కు చొప్పించిన కథను తీసేస్తే బయటి కథ అర్థమే సన్నగిల్లుతుంది. ఆ స్త్రీ పన్నెండేళ్లుగా జబ్బు మనిషి. పిల్ల వయసూ పన్నెండేళ్లే, అయితే ఆ సంగతిని మార్కు మొదట్లో దాచి, పిల్ల లేచి నడిచిన తరువాతే బయటపెడతాడు. యేసు ఆ స్త్రీని "కుమారీ" అని పిలిచి, నీ విశ్వాసమే నిన్ను బాగుచేసిందని ఇంకా చెబుతూ ఉండగానే యాయీరు కుమార్తె చనిపోయిందన్న కబురు వస్తుంది. ఆ తరువాత తండ్రితో ఆయన అనేది కూడా భయపడక నమ్మమనే. ఏమని నమ్మాలో, ఎలా నమ్మాలో ఆ తండ్రి అప్పుడే కళ్లారా చూశాడు.

ఇది యాదృచ్ఛికం కాదనడానికి 11వ అధ్యాయాన్ని మత్తయి సువార్తతో పోల్చి చూడండి. మార్కులో యేసు ఆకులు తప్ప పండ్లు లేని అంజూరపు చెట్టును శపిస్తాడు, దేవాలయానికి వెళ్లి అమ్మేవారినీ కొనేవారినీ వెళ్లగొడతాడు, మరునాడు ఉదయం చెట్టు వేళ్లతో సహా ఎండి కనిపిస్తుంది. మత్తయి దేవాలయ ఘట్టాన్ని ముందే ముగించి, శాపాన్నీ ఎండిపోవడాన్నీ మరునాటి ఉదయానికి ఒక్కచోట చేర్చాడు. కథ సాఫీగా నడిచింది గాని, చెట్టుకూ దేవాలయానికీ ఉన్న ముడి వదులైంది. పండ్ల కాలం కాని రోజుల్లో చెట్టును శపించడం ఏమి న్యాయమని నాకు చాలాకాలం చికాకుగా ఉండేది. పైకి పచ్చగా ఉన్నా ఫలించనిది దేవాలయమేనని చదివితే ఆ చికాకు చాలావరకు పోయింది.

3, 6 అధ్యాయాల్లోనూ ఈ పొదుగుడు ఉంది. 14వ అధ్యాయంలో పేతురు ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకుంటూ ఉండగా మార్కు అతణ్ణి అక్కడే వదిలి, లోపల జరిగే విచారణకు వెళతాడు. అక్కడివారు యేసు ముఖానికి ముసుగు వేసి, గుద్దుతూ, ప్రవచించమని ఎగతాళి చేస్తారు. సరిగ్గా అప్పుడే ముంగిట, నన్నెరుగనంటావని పేతురుతో ఆయన ముందే చెప్పిన మాట నెరవేరుతూ ఉంటుంది. రచయిత ఒక్క వ్యాఖ్య కూడా చేయడు.

ఇక మొత్తం గ్రంథానికి వెన్నెముక 8వ అధ్యాయం చివరి భాగం నుంచి 10వ అధ్యాయం చివరి వరకు ఉన్న ప్రయాణ భాగమని నా అభిప్రాయం. దానికి మొదట బేత్సయిదాలో ఒక గుడ్డివాడు, చివర యెరికోలో బర్తిమయి అనే గుడ్డివాడు ఉన్నారు. మొదటివాడికి చూపు రెండు విడతలుగా వస్తుంది. ముందు మనుషులు నడిచే చెట్లలా కనిపిస్తారు. ఈ అద్భుతం మత్తయిలోనూ లూకాలోనూ లేదు. వెంటనే పేతురు యేసును క్రీస్తని గుర్తిస్తాడు, కాని ఆయన శ్రమపడి చనిపోవాలన్న మాటను ఒప్పుకోడు. అతనికి వచ్చింది సగం చూపే. ఆ దారిలో యేసు తన మరణం గురించి మూడుసార్లు చెబుతాడు, మూడుసార్లూ శిష్యులు పొరపాటుగానే అర్థం చేసుకుంటారు. నేను మీకేమి చేయగోరుచున్నారని ఆయన యాకోబు, యోహాను అనే శిష్యులను అడిగితే వారు మహిమలో కుడి ఎడమ స్థానాలు కోరతారు. కాసేపటికి అదే ప్రశ్నను బర్తిమయిని అడిగితే అతను చూపు కోరి, చూపు పొంది, అదే దారిన ఆయన వెంట నడుస్తాడు.

సువార్త మొత్తాన్నీ ఒకే పెద్ద వలయంగా గీసి, ప్రతి వచనానికీ అవతలి వైపు ఒక జత చూపించే పటాలు మీకు ఎదురుకావచ్చు. వాటిని నేను అంతగా నమ్మను. అధ్యాయ విభజన 13వ శతాబ్దంలో, వచన సంఖ్యలు 1551లో వచ్చినవి కాబట్టి వాటిని లెక్కించి నిర్మాణం కట్టడం మరీ ప్రమాదకరం.

ముగింపు గురించి ఒక మాట. 4వ శతాబ్దపు సినాయ్, వాటికన్ అనే గ్రీకు చేతిరాత ప్రతులు రెండింటిలోనూ ఈ సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది: సమాధి దగ్గరి నుంచి స్త్రీలు పారిపోయారు, ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎందుకంటే భయపడ్డారు. గ్రీకులో చివర వినిపించేది భయం. ప్రధాన క్రియ చివరికి చేరే మన తెలుగు బైబిలు వాక్యంలో అది "చెప్పలేదు" అని మౌనంతో ముగుస్తుంది. ఆ రాత్రి నేను అక్కడే ఆపేశాను. మన బైబిళ్లలో ఆ తరువాత ఉన్న పన్నెండు వచనాలు ఎందుకు వదిలేశావని మరునాడు ఇద్దరు ముగ్గురు కోప్పడ్డారు. మీరు ఆ పన్నెండింటినీ కలిపి బిగ్గరగా చదివి చూడండి: 1వ వచనంలోనే సమాధి దగ్గరికి బయలుదేరిన మగ్దలేనే మరియను, 9వ వచనం ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ అంటూ కొత్తగా పరిచయం చేస్తుంది. భయంతో పారిపోయిన మిగతా స్త్రీల ఊసే ఉండదు. అతుకు ఎక్కడ పడిందో చెవికి పట్టుబడుతుంది.